బడి గంటకు ముందు అరగంట

ఉదయం బడి గేటు ముందు కార్లు, ఆటోలు, బైకులు కిక్కిరిసి ఉంటే, జాగా చాలకపోవడమే కారణమని చాలామంది అనుకుంటారు. రోడ్డు వెడల్పు చేయాలి, పార్కింగ్ చూపించాలి అంటారు. ఎన్నో ఏళ్లుగా గేటు దగ్గర నిలబడుతున్న ఉపాధ్యాయుడిగా నాకు అలా తోచదు. జాగా పెంచితే కార్లూ పెరుగుతాయి. నడిచి వచ్చే పిల్లవాడు ఇంకా వెడల్పైన రోడ్డు దాటాల్సి వస్తుంది.

ఇటలీ ఉత్తర ప్రాంతంలోని బొల్జానో నగరం 1989లో వేరే దారి చూసింది. పిల్లలు బడికి వచ్చే, బడి నుంచి వెళ్లే వేళల్లో మాత్రమే బడి ముందు వీధిలోకి మోటారు వాహనాలను ఆపింది. మిగతా సమయమంతా మామూలే. ఇలాంటి వీధులను ఇప్పుడు 'స్కూల్ స్ట్రీట్' అంటున్నారు. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో 2015లో మొదలయ్యాయి. లండన్‌లో 500 దాటాయి.

లండన్‌లో పద్ధతి ఇది. వీధి మొదట్లో వేళలు రాసిన బోర్డు ఉంటుంది. చాలాచోట్ల కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది, జరిమానా నోటీసు ఇంటికి వస్తుంది. కొన్నిచోట్ల అడ్డుకట్టలు పెడతారు. ఆ వీధిలో నివసించేవారికి, వికలాంగులకు, అంబులెన్సుకు మినహాయింపు ఉంటుంది. దూరం నుంచి కారులో వచ్చేవారు కాస్త అవతల ఆపి, పిల్లలను నడిపించుకు వస్తారు.

ఇంత పట్టుదల ఎందుకంటే, చిన్న పిల్లలకు ఎదురుగా వచ్చే బండి వేగాన్ని అంచనా వేయడం చేతకాదు. నాలుగైదు ఏళ్ల బిడ్డ ఆగి ఉన్న పెద్ద కారు బానెట్ కంటే పొడవు ఉండడు. రెండు కార్ల మధ్య నుంచి వాడు బయటికి వస్తే, వెనక్కి తీస్తున్న డ్రైవరుకు కనిపించడు. 'చూసుకుని దాటు' అని తరగతిలో ఎంత చెప్పినా, కార్లు అడ్డంగా ఉంటే చూడటానికి దారేది? తన బిడ్డను గేటు దాకా దించాలనే తండ్రి తొందర మరొకరి బిడ్డకు ముప్పు అవుతుంది. ఆ మరొకరి బిడ్డ చాలాసార్లు ఇంట్లో కారు లేని పేదవాడి బిడ్డే.

ఒక వీధి మూస్తే రద్దీ పక్క వీధికి పోదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎడిన్‌బరో నేపియర్ విశ్వవిద్యాలయం 2020లో అప్పటి దాకా జరిగిన అధ్యయనాలను పరిశీలించింది. పక్క వీధుల్లో చెప్పుకోదగ్గ ప్రమాదం పెరగలేదని, చాలాచోట్ల మొత్తం వాహనాలే తగ్గాయని తేల్చింది. కొందరు కారు మాని నడవడం మొదలుపెట్టారన్నమాట.

మన దగ్గర చట్టం లేదని అనలేం. 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రజల భద్రత కోసం ఫలానా రోడ్డులో వాహనాలను నియంత్రించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన అధికారికి ఉంది. నెల రోజులకు మించని నియంత్రణకు గెజిట్ ప్రకటన కూడా అక్కర్లేదు. స్థానికంగా తెలియజేస్తే చాలు. బడి యాజమాన్యం, తల్లిదండ్రులు, వీధిలోని దుకాణదారులు కలిసి అర్జీ పెడితే, ఒక నెల ప్రయత్నించి చూడమని అధికారులను అడగవచ్చు.