గుప్తలేఖను విప్పునపుడు సంతకమును కాపాడుట

పెద్దలారా, భూమి పంపకమును గూర్చి దూరదేశమందలి భాగస్థుడు గుప్తలిపిలో ఈ-మెయిలు పంపెననుకొనుడు. తాళపుచెవి పోయినచో లేఖయు పోవును గాన, దానిని విప్పి భద్రపరచుట మేలే. కాని పాఠము మాత్రమే మిగిలినచో, రేపాతడు “నేను వ్రాయలేదు” అనవచ్చును.

డిజిటల్ సంతకమనగా వ్రేలిముద్రయు కాదు, చేవ్రాలును కాదు. లేఖనంతటిని లెక్కగట్టి తీసిన సారసంఖ్యపై, పంపినవాడు తన రహస్యపు చెవితో వేయు ముద్ర యది. లేఖలో ఒక్క చుక్క మారినను పొసగదు. సాధారణముగా ముందు ముద్ర, పిమ్మట గుప్తీకరణము. అనగా ముద్ర లకోటా లోపలనే యుండును. గ్నూపీజీ యను సాధనమున ‘డీక్రిప్ట్’ ఆజ్ఞ ముద్రను సరిచూచి, వట్టి పాఠమును చేతికిచ్చును. ‘అన్‌ర్యాప్’ ఎంపిక గుప్తీకరణపు పొరను మాత్రమే ఒలిచి, ముద్రతోడి లేఖ నిచ్చును. నేను రెండవదానినే మెచ్చెదను. మొదటిదానితో సరిపుచ్చుట, దస్తావేజుకు నకలు వ్రాసికొని అసలును పొయ్యిలో వేయుట వంటిది. అతని బహిరంగపు చెవిని గూడ అందే దాచుడు. అది లేనిదే ముద్రను మరల సరిచూడ వీలుపడదు.