పింగాణీ ఊరు.. బాస్కెట్‌బాల్ పేరు
* చర్చి కుర్రాళ్ల సంఘంగా మొదలై యూరప్ విజేతగా..
* కప్పులు గెలిచిన ఏడాదే కింది అంచెకు
* అప్పుల్లో మునిగిన క్లబ్బును నిలబెట్టిన పాత ఆటగాడు

ఫ్రాన్స్‌లో క్లబ్బు ఆటలంటే ముందు గుర్తుకొచ్చేది ఫుట్‌బాలే. పారిస్, మార్సెయ్, లియోన్ లాంటి మహానగరాల పేర్లే వినిపిస్తాయి. అలాంటి దేశంలో లక్షా ముప్ఫై వేల జనాభా ఉన్న ఓ మోస్తరు ఊరు, మార్సెయ్ ఫుట్‌బాల్ జట్టు కంటే నలభై ఒక్క రోజుల ముందే యూరప్ విజేతగా నిలిచింది. ఆ ఊరు లిమోజ్. ఆ జట్టు ‘సెర్కిల్ సెయింట్ పియేర్’. అందరూ పొట్టిగా సీఎస్‌పీ అంటారు. ఆ కప్పు వచ్చింది 1993లో. ఇన్నేళ్లు గడిచినా పురుషుల బాస్కెట్‌బాల్‌లో యూరప్ అగ్రశ్రేణి కప్పును ఇంటికి తెచ్చుకున్న ఫ్రెంచి క్లబ్బు మరొకటి లేదు.

1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడి చూసిన యానాం వాసులకు పారిస్ పేరు కొత్త కాదు. లిమోజ్ మాత్రం అక్కడి పాతతరం వారిలోనూ చాలామంది విని ఉండరు. ఫ్రాన్స్‌లోనే ఈ ఊరికి మారుమూల అన్న ముద్ర ఉంది మరి. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లో పనికిరారనుకున్న సైనిక జనరళ్లను సర్వసేనాని జోఫ్ర్ యుద్ధరంగానికి దూరంగా ఉన్న ఈ ఊరివైపు పంపేశారట. అప్పటి నుంచి ‘లిమోజే’ అన్న క్రియాపదమే పుట్టింది. ఉద్యోగంలోంచి పీకేయడమని దాని అర్థం. నేటికీ ఫ్రెంచి పత్రికలు మంత్రిని తీసేసినా, కోచ్‌ను తప్పించినా ఆ మాటే రాస్తాయి. పేరే పరాభవానికి గుర్తుగా మారిన ఊరికి గర్వంగా తలెత్తుకునే సందర్భం ఇచ్చింది ఈ జట్టే.

ఎర్రజెండా ఊళ్లో చర్చి జట్టు

పారిస్‌కు దక్షిణంగా సుమారు 400 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది లిమోజ్. పద్దెనిమిదో శతాబ్దంలో దగ్గర్లోని సెయింట్ ఇరియే దగ్గర నాణ్యమైన తెల్ల మట్టి దొరకడంతో ఇక్కడ పింగాణీ పరిశ్రమ పుట్టింది. లిమోజ్ పింగాణీ పళ్లెం అంటే ప్రపంచమంతా మోజే. ఫ్యాక్టరీలతో పాటే కార్మికులు, కార్మికులతో పాటే సంఘాలు వచ్చాయి. ఫ్రాన్స్‌లో పెద్ద కార్మిక సమాఖ్య అయిన సీజీటీ 1895లో పుట్టింది ఈ ఊళ్లోనే. 1905 సమ్మెలో సైనికుల కాల్పులకు ఓ కార్మికుడు బలయ్యాడు. 1912 నుంచి 2014 వరకు, యుద్ధకాలం మినహాయిస్తే, మేయర్ పీఠం వామపక్షాల చేతిలోనే ఉంది.

అలాంటి ఎర్ర ఊళ్లో 1929లో కేథలిక్ చర్చి నీడన మొదలైన యువజన సంఘం ఈ సెర్కిల్ సెయింట్ పియేర్. ఆ రోజుల్లో ఫ్రాన్స్ అంతటా చర్చిలు కుర్రాళ్లను దారిలో పెట్టేందుకు ఇలాంటి సంఘాలు నడిపేవి. సాయంత్రం పూట ఆటలు, వ్యాయామం, నాటకాలు ఉండేవి. చిన్న స్థలం, ఒక బంతి, రెండు వలలు ఉంటే చాలు కాబట్టి వాటిలో బాస్కెట్‌బాల్ తొందరగా పాకింది. ఫ్రాన్స్‌లో ఈ ఆట మహానగరాల్లో కంటే చిన్న ఊళ్లలో ఎక్కువ బలంగా ఉండటానికి ఇదో కారణం. షోలే, పో, ఓర్తెజ్.. ఈ ఆటలో పేరున్న ఊళ్లన్నీ చిన్నవే.

దాదాపు యాభై ఏళ్లు సీఎస్‌పీ ఆ చుట్టుపక్కల జిల్లాలు దాటి పెద్దగా ఎవరికీ తెలియదు. 1978లో మొదటి డివిజన్‌కు చేరాకే కథ మారింది. చర్చి జట్టు కాస్తా ఊరి జట్టయింది. పింగాణీ కార్మికుడు, దుకాణదారు, డాక్టరు పక్కపక్కనే కూర్చుని ఒకే జట్టు కోసం గొంతు చించుకోవడం మొదలైంది. ఐదు వేల పైచిలుకు సీట్లున్న బోబ్లాన్ క్రీడా ప్రాంగణం వాళ్లకు రెండో ఇల్లయింది.

పెట్రోవిచ్ ఉన్నా.. రెండుసార్లూ ఓటమే

పైకొచ్చిన నాలుగేళ్లకే 1982లో యూరప్ స్థాయిలో కొరాచ్ కప్పు చేతికందింది. ఇటలీలోని పాదువాలో జరిగిన ఫైనల్లో యుగొస్లావియా జట్టు షిబెంకాను 90-84తో ఓడించారు. మరుసటి ఏడాది పశ్చిమ బెర్లిన్ ఫైనల్లోనూ ఎదురుపడింది ఆ జట్టే. మళ్లీ సీఎస్‌పీదే గెలుపు. షిబెంకా తరఫున ఆడిన బక్కపలచని కుర్రాడు డ్రాజెన్ పెట్రోవిచ్. తర్వాత అమెరికా ఎన్‌బీఏలో యూరప్ ఆటగాళ్లకు దారి తెరిచినవారిలో ఒకడిగా చరిత్రకెక్కాడు.

ఆ జట్టుకు కోచ్ ఆంద్రే బుఫియేర్. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌కు రజతం తెచ్చిన జట్టులో ఆటగాడాయన. అమెరికా నుంచి వచ్చిన ఎడ్ మర్ఫీ గురి తప్పని చేతివాటంతో పాయింట్లు రాబట్టేవాడు. ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో పుట్టిన రిషార్ డకూరీ కుర్రాడిగా చేరి పదేళ్లకు పైగా జట్టుకు వెన్నెముకగా నిలిచాడు. 1983, 84, 85ల్లో వరుసగా జాతీయ చాంపియన్లు. 1988లో గ్రెనోబుల్లో స్పెయిన్ జట్టు బదలోనాను 96-89తో ఓడించి కప్ విన్నర్స్ కప్పు తెచ్చారు. 1988, 89, 90ల్లో మళ్లీ వరుసగా మూడు జాతీయ టైటిళ్లు. 1990లో యూరప్ అగ్రశ్రేణి టోర్నీలో చివరి నాలుగు జట్లలో చోటు దక్కింది.

గురువు ఒకవైపు.. శిష్యుడు ఒకవైపు

1992-93 సీజన్‌కు బోజిదార్ మల్కోవిచ్ కోచ్‌గా వచ్చాడు. యుగొస్లావియాలోని స్ప్లిట్ జట్టును 1989, 90ల్లో యూరప్ విజేతగా నిలిపిన వ్యక్తి. లిమోజ్‌లో అతని చేతికొచ్చిన జట్టులో చెప్పుకోదగ్గ పేర్లున్నాయి గానీ, మాడ్రిడ్, ట్రెవీజో లాంటి క్లబ్బుల ముందు తేలిపోయేదే. బోస్టన్ సెల్టిక్స్ 1984లో ఎంచుకున్న అమెరికా షూటర్ మైకేల్ యంగ్ ఉన్నాడు. స్లొవేనియాకు చెందిన యూరె జ్డోవ్స్ ఉన్నాడు. 1991లో స్లొవేనియా స్వాతంత్య్రం ప్రకటించుకుంటే, యూరోపియన్ చాంపియన్‌షిప్ మధ్యలోనే యుగొస్లావియా జట్టును వదిలి వచ్చినవాడతను. గ్వాడలూప్ దీవి నుంచి వచ్చిన జిమ్ బిల్బా ఉన్నాడు. అనుభవానికి డకూరీ ఉన్నాడు. వీళ్లకు తోడు 23 ఏళ్ల పొట్టి కుర్రాడు ఫ్రెడరిక్ ఫోర్ట్.

అంగబలం చాలనప్పుడు ఏం చేయాలి? ఎదుటివాడినీ ఆడనివ్వకూడదు. మల్కోవిచ్ సూత్రం ఇదే. ఇప్పుడు బంతి చేతికొచ్చిన జట్టు 24 సెకన్లలో వల వైపు విసరాలి. అప్పట్లో 30 సెకన్లు ఉండేది. సీఎస్‌పీ ఆ 30 సెకన్లను దాదాపు చివరిదాకా వాడుకునేది. తొందర లేదు, హడావుడి లేదు. బంతి పోతే మాత్రం ఐదుగురూ గోడ కట్టేవారు. చూసేవాళ్లకు విసుగు, ఆడేవాళ్లకు నరకం. ఆటను చంపేస్తున్నారని విమర్శలు వచ్చినా మల్కోవిచ్ పట్టించుకోలేదు.

1993 ఏప్రిల్ 13. ఏథెన్స్ పక్కనే ఉన్న పిరేయస్‌లో సెమీఫైనల్. అవతల రియల్ మాడ్రిడ్. అందులో 2.20 మీటర్లు దాటిన లిథువేనియా దిగ్గజం అర్విదాస్ సబోనిస్. అంతటి జట్టును 52 పాయింట్లకే కట్టేసి 62-52తో గెలిచారు. ఫైనల్ ఏప్రిల్ 15న. ప్రత్యర్థి ఇటలీకి చెందిన బెనెట్టన్ ట్రెవీజో. దాని ఆశలన్నీ టోనీ కుకోచ్ మీదే. ఈ కుకోచ్ ఎవరో కాదు, స్ప్లిట్‌లో మల్కోవిచ్ దగ్గర ఆడి రెండు కప్పులు గెలిచిన శిష్యుడే. అతని ఆట లోతుపాతులు గురువుకు తెలియనివి కావు.

మ్యాచ్ చివరిదాకా ఊగిసలాడింది. ఆఖరి క్షణాల్లో ట్రెవీజోకు ఒకే ఒక్క అవకాశం. బంతి కుకోచ్ చేతిలో. అతని ఎత్తు రెండు మీటర్ల పైనే. ఎదురుగా అతని భుజానికి కాస్త పైన వచ్చే ఫోర్ట్. విసరబోయిన బంతిని ఫోర్ట్ చెయ్యి తన్నుకుపోయింది. స్కోరు 59-55. టోర్నీ ఉత్తమ ఆటగాడి బహుమతి కుకోచ్‌కే దక్కింది. కప్పు మాత్రం లిమోజ్ విమానమెక్కింది. మే 26న మార్సెయ్ ఫుట్‌బాల్ జట్టు చాంపియన్స్ లీగ్ గెలిస్తే దేశమంతా ఊగిపోయింది. లిమోజ్‌వాళ్లు మాత్రం ‘ముందు మేమే’ అని ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు.

మూడు కప్పులు.. ఒక దెబ్బ

1995లో మరోసారి యూరప్ చివరి నాలుగింట్లో నిలిచిన తర్వాత జోరు తగ్గింది. అదే ఏడాది యూరప్ న్యాయస్థానం ఇచ్చిన బోస్మన్ తీర్పుతో ఒప్పందం ముగిసిన ఆటగాళ్లు ఏ దేశానికైనా స్వేచ్ఛగా వెళ్లే వీలు కలిగింది. డబ్బున్న స్పెయిన్, ఇటలీ, గ్రీస్ క్లబ్బులకు అది వరం. చిన్న ఊరి క్లబ్బుకు మంచి ఆటగాళ్లను నిలుపుకోవడమే గండం. పోటీ పడాలంటే జీతాలు పెంచాలి. జీతాలు పెంచితే లెక్క తేలదు.

2000లో విచిత్రం జరిగింది. డుష్కో ఇవానోవిచ్ శిక్షణలో యాన్ బొనాటో, మార్కస్ బ్రౌన్, ఫ్రెడరిక్ వైస్‌లతో ఆడిన సీఎస్‌పీ జాతీయ లీగు, ఫ్రెంచి కప్పు, కొరాచ్ కప్పు మూడూ గెలిచింది. అదే ఏడాది ఖాతాలు తెరిచి చూస్తే అప్పుల కుప్ప. లీగు అధికారులు చాంపియన్ జట్టును రెండో అంచెకు దించేశారు. ఆటలో ఒక్కరూ ఓడించలేని జట్టును లెక్కల పుస్తకం ఓడించింది.

మరుసటి ఏడాదే తిరిగి పైకొచ్చినా రోగం నయం కాలేదు. 2004లో దివాలా. యూరప్ విజేత మూడో అంచెకు పడిపోయింది. ఊరి పేరు మళ్లీ ఆ పాత క్రియాపదానికే పరిమితం అవుతుందేమోనని అభిమానులు కుంగిపోయారు.

బంతి లాక్కున్న చెయ్యే ఆదుకుంది

అప్పుడు క్లబ్బు పగ్గాలు అందుకున్నది మరెవరో కాదు, ఏథెన్స్‌లో కుకోచ్ చేతిలోంచి బంతి లాక్కున్న ఫ్రెడరిక్ ఫోర్ట్. వయసు 34. క్లబ్బుకు డబ్బు లేదు, పేరున్న ఆటగాళ్లు లేరు. ఉన్నదల్లా జనం. పెద్ద స్టార్లు లేని మూడో అంచె మ్యాచ్‌లకూ బోబ్లాన్‌కు వేలల్లో వచ్చారు. టిక్కెట్ల సొమ్ము, ఊరి వ్యాపారుల ప్రకటనలతో క్లబ్బు ఊపిరి పీల్చుకుంది.

పైకి రావడం ఒక్క దూకుతో కాలేదు. 2010లో మొదటి అంచెకు చేరి, 2011లో దిగజారి, 2012లో మళ్లీ ఎక్కింది. 2014లో స్ట్రాస్‌బర్గ్‌ను ఫైనల్లో 3-0తో చిత్తుచేసి పద్నాలుగేళ్ల తర్వాత జాతీయ చాంపియన్ అయింది. 2015లోనూ అదే స్ట్రాస్‌బర్గ్‌పై గెలిచి టైటిల్ నిలబెట్టుకుంది. యూరోలీగ్‌లోనూ మళ్లీ అడుగుపెట్టింది.

2017 డిసెంబరు 31న ఫోర్ట్ గుండెపోటుతో కన్నుమూశాడు. 48 ఏళ్లు నిండటానికి ఇంకా రెండు వారాలు కూడా లేవు. కొత్త సంవత్సరం వేడుకలకు సిద్ధమైన ఊరు విషాదంలో మునిగింది. 2018లో ఆయన భార్య సెలిన్ క్లబ్బు అధ్యక్ష బాధ్యతలు తీసుకున్నారు.

ఇప్పుడు యూరప్ బాస్కెట్‌బాల్ డబ్బున్నవాళ్ల ఆట. ఫ్రెంచి లీగులో ఆడే మొనాకో జట్టు 2025లో యూరోలీగ్ ఫైనల్ దాకా వెళ్లి ఫెనెర్‌బాచే చేతిలో ఓడింది. పారిస్ కూడా బలమైన జట్టును తయారు చేసుకుంది. లిమోజ్‌లాంటి ఊరు వాటితో ఖర్చులో తూగలేదు. అయితే మల్కోవిచ్ జట్టు కూడా డబ్బులో మాడ్రిడ్‌తో తూగి గెలవలేదు. బోబ్లాన్‌కు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే తండ్రులు ఇప్పటికీ చెప్పే మాట అదే.

----
సీఎస్‌పీ ఖాతాలో..

యూరప్ అగ్రశ్రేణి కప్పు: 1993
కప్ విన్నర్స్ కప్పు: 1988
కొరాచ్ కప్పు: 1982, 1983, 2000
జాతీయ టైటిళ్లు (11): 1983, 1984, 1985, 1988, 1989, 1990, 1993, 1994, 2000, 2014, 2015