పళ్ళొచ్చే పాపాయి నోటికి ఏ బొమ్మ మంచిది?

ఖరగ్‌పూర్ ఇందాలోని మన తెలుగు ఇళ్ళలో బిడ్డ పుట్టిందంటే బొమ్మలు నాలుగు దిక్కుల నుంచీ వస్తాయి. విశాఖ వైపు నుంచి రైల్లో వచ్చే అమ్మమ్మ సంచిలో ఏటికొప్పాక లక్క గిలక్కాయ ఉంటుంది. గోల్ బజారుకు వెళ్ళిన నాన్న రంగురంగుల ప్లాస్టిక్ బొమ్మ తెస్తాడు. పక్కింటి బెంగాలీ పెద్దావిడ, పిల్లలు చప్పరించే ‘చుషికాఠి’ గురించి చెబుతుంది. ఆరో నెల వచ్చేసరికి అన్నీ పాపాయి నోట్లోకే చేరతాయి.

పాలపళ్ళు సాధారణంగా ఆరో నెల ప్రాంతంలో మొదలవుతాయి. కొందరికి నాలుగో నెలలోనే వస్తాయి, కొందరికి ఏడాది దాకా రావు. ముందుగా కనిపించేవి కింది ముందు పళ్ళు. మూడేళ్ళ వయసుకు మొత్తం 20 పళ్ళు వస్తాయి. చిగుళ్ళు సలిపినప్పుడు బిడ్డ దొరికిందల్లా కొరుకుతుంది. అందుకే ఈ వయసు బొమ్మను ఆటవస్తువుగా కాక, తిండి గిన్నెతో సమానంగా చూడాలి.

భయపడాల్సింది దేనికి?

మొదటిది సీసం. కొన్ని చౌక రంగుల్లో ఇది ఉంటుంది. మింగిన సీసాన్ని పెద్దల శరీరం కంటే పసిపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది, పైకి మాత్రం వెంటనే ఏ గుర్తూ కనిపించదు. ఇంత వరకైతే ఫరవాలేదు అనదగ్గ మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. పేరూ ఊరూ లేని బొమ్మకు పూసిన రంగు ఎక్కడిదో మాత్రం కొనేవారికి తెలిసే వీలు లేదు.

రెండోది థాలేట్లు. పీవీసీ ప్లాస్టిక్‌ను మెత్తగా చేయడానికి వీటిని కలుపుతారు. ఇవి ప్లాస్టిక్‌తో గట్టిగా ముడిపడి ఉండవు. బిడ్డ నమిలే కొద్దీ జొల్లులోకి దిగుతాయి. డబ్బా మీద ‘బీపీఏ ఫ్రీ’ అని ఉంటే బీపీఏ అనే ఒక్క రసాయనం లేదని మాత్రమే అర్థం. థాలేట్ల గురించీ, రంగు గురించీ ఆ మాట ఏమీ చెప్పదు.

ఐఎస్ఐ గుర్తు ఎలా చూడాలి?

తాకట్టుకు వచ్చిన నగకు మెరుపు చూసి అప్పు ఇవ్వం కదా! బొమ్మ విషయంలోనూ అంతే. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కరెంటు, బ్యాటరీ లేని బొమ్మలకు వర్తించే ప్రమాణం ఐఎస్ 9873. విరిగే ముక్కలు, నిప్పంటుకునే గుణం, సీసం వంటి లోహాలు, థాలేట్లు అన్నీ దాని భాగాల్లో ఉన్నాయి. గుర్తుకు పైన ఐఎస్ సంఖ్య, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను ఫోన్లో ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే తయారీదారు ఎవరో, లైసెన్సు చెల్లుతోందో లేదో తెలుస్తుంది. దుకాణం ముందు నిలబడే ఈ పని చేయవచ్చు.

మరి ఏటికొప్పాక బొమ్మ?

దీని మీద ఐఎస్ఐ గుర్తు ఉండకపోవచ్చు, అంతమాత్రాన అది నకిలీ కాదు. నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మే బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకూ 2020 డిసెంబరులో ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. ఏటికొప్పాకకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను అద్దుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి రంగులు తీసే పద్ధతిని నిలబెట్టడానికి దశాబ్దాల పాటు కృషి చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ దక్కింది.

అయితే లక్క బొమ్మలన్నిటికీ మొక్కల రంగులే వేస్తారని అనుకోకూడదు. రసాయన రంగులు వేసినవీ బజారులో ఉంటాయి. ఎవరు చేశారు, ఏ రంగు వాడారు అని అడిగి, చెప్పగలిగిన చోటే కొనండి. ఇంకో సంగతి: లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఈ బొమ్మలను మరిగించి శుభ్రం చేయలేం. గట్టిగా కొరికితే పెచ్చు ఊడవచ్చు కూడా. కనుక లక్క గిలక్కాయను పట్టుకుని ఆడించడానికి ఉంచి, కొరకడానికి వేరే వస్తువు ఇవ్వండి. పైపూత ఊడిన వెంటనే తీసేయండి.

కొరకడానికి ఏమివ్వాలి?

అన్నిటికంటే చవకైనది శుభ్రమైన నూలు గుడ్డ. కాచి చల్లార్చిన నీటిలో తడిపి, కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, మనం పక్కనుండగా ఇవ్వాలి. కొనదలిస్తే అతుకులు లేని ఒకే ముక్కగా పోసిన, ఫుడ్ గ్రేడ్ సిలికాన్ టీతర్ మంచిది. రంగు వేయని నున్నటి కర్ర కూడా ఫరవాలేదు గానీ పేడు లేచిందేమో రోజూ వేలితో తడిమి చూడాలి. లోపల నీరో జెల్లో నింపినవి పళ్ళు దిగితే కారుతాయి, అవి వద్దు. ఏ టీతర్‌నూ ఫ్రీజర్‌లో గడ్డకట్టించకండి.

గొంతుకు అడ్డుపడే ముక్కల పరీక్షకు వాడే గొట్టం వెడల్పు సుమారు 32 మిల్లీమీటర్లు. మన పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లు. అంటే నాణెం కంటే కాస్త పెద్ద వస్తువు కూడా ప్రమాదమే. బొమ్మను లాగి, మెలిపెట్టి చూసి, ఏ ముక్కా ఊడదని తేలాకే ఇవ్వండి.

ఇవి చేయవద్దు

టీతర్‌ను తాడుతో మెడలో కట్టవద్దు. నొప్పి తగ్గిస్తాయంటూ అమ్మే పూసల దండలు వేయవద్దు. అలాంటి అంబర్ దండ మెడకు బిగుసుకుని 18 నెలల బిడ్డ చనిపోయిన ఉదంతాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో తన హెచ్చరికలో పేర్కొంది. బెంజోకైన్ ఉన్న చిగుళ్ళ జెల్ రెండేళ్ళలోపు వారికి వాడరాదని కూడా అదే ఏడాది చెప్పింది. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు, టీతర్‌ను తేనెలో ముంచి ఇవ్వకూడదు.

చివరగా ఒక మాట. ‘పళ్ళొస్తున్నాయిలే’ అనుకుని జ్వరాన్ని, విరేచనాలను వదిలేయవద్దు. పళ్ళ వల్ల చికాకు, జొల్లు ఎక్కువ కావడం మామూలే. ఒళ్ళు 38 డిగ్రీల సెల్సియస్ దాటి కాలినా, విరేచనాలు పట్టుకున్నా కారణం వేరే ఉందని అర్థం. నేల మీద పడిన టీతర్‌ను కడగకుండా తిరిగి నోట్లో పెట్టడమూ అలాంటి ఒక కారణం కావచ్చు. ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.