సున్నానికి పనికొచ్చిన శిల్పం

అమరావతి బౌద్ధ స్తూపం, మహాచైత్యం పలకల్లో కొన్నింటిని సున్నం కోసం కాల్చేశారు. వినగానే అయ్యో అనిపిస్తుంది. కానీ అది పలనాడు సున్నపురాయి. బట్టీవాడి లెక్కలో చూస్తే మేలైన సరుకు. పైన చెక్కిన బొమ్మ వల్ల సున్నం తెల్లదనం పెరగదు, తగ్గదు. దేన్నయినా పనికొచ్చే తీరును బట్టే కొలవాలనుకుంటే అతని తీర్పును తప్పుపట్టడం కష్టం.

పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని రాజధాని చేసుకుని ఊరు కట్టిస్తున్న రోజుల్లో ఆ చైత్యం దిబ్బ ఒక రాతిగని. 1797లో సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి, మిగిలిన శిల్పాలకు చిత్రకారుల చేత నకళ్లు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన పలకలు 1859లో లండన్‌కు ఓడెక్కాయి. అక్కడా వాటికి దొరికిన మర్యాద అంతంతమాత్రమే. 1867 ప్రాంతంలో వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ కంటపడేనాటికి ఫైఫ్ హౌస్ బండ్ల కొట్టంలో పడి ఉన్నాయి. 1880లో గానీ బ్రిటిష్ మ్యూజియం గడప తొక్కలేదు. ఇన్నేళ్లలో రాయి మారలేదు, చెక్కడం మారలేదు. మారిందల్లా చూసేవాడికి దానితో ఉన్న అవసరమే.

మరి చెక్కించినవాళ్ల అవసరం ఏమిటి? శాసనాలే చెబుతాయి. విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చి, అందులో తల్లిని, భార్యను, అన్నదమ్ములను, కొడుకును, కూతుళ్లను, చుట్టాలను, స్నేహితులను కూడా కలుపుకున్నాడు. భిక్షుణులు, వర్తకులు, గృహస్థులు ఎందరో ఇలాగే పేర్లు రాయించుకున్నారు. చెక్కినవాడి పేరు మాత్రం సాధారణంగా కనిపించదు. దాతకు కావలసింది పుణ్యం. పూర్ణఘటం పూర్ణఘటమని పోల్చుకునేలా ఉంటే ఆ పుణ్యానికి లోటుండదు. శిల్పి అక్కడితో ఆగి ఉంటే మనం ఈ రాళ్ల గురించి ఇంతగా మాట్లాడుకునేవాళ్లం కాదు.

చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం ఒకటి ఉంది. బుద్ధుణ్ణి చంపించాలని దేవదత్తుడు రాజగృహం వీధిలోకి మదపుటేనుగును వదిలించిన కథ అది. ఒకే చట్రంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఎడమవైపు కోటద్వారం దాటి వీధిలోకి దూసుకొస్తూ, ఒక మనిషిని తొండంతో పట్టి ఈడుస్తోంది. చుట్టూ జనం, ఒకరి మీద ఒకరు పడుతూ. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. భిక్షువులు నిటారుగా నిలబడి ఉన్నారు. పక్కన కథ చెప్పేవాళ్లు లేకపోయినా ఎడమ నుంచి కుడికి చూపు సాగేకొద్దీ గోల సద్దుమణుగుతుంది. ఉపదేశానికి ఇది చాలు. ఆ పైన శిల్పి మేడల కిటికీల్లోంచి తొంగిచూసే జనాన్ని కూడా చెక్కాడు. కథకు వాళ్లతో పని లేదు. వాళ్లు ఏనుగును ఆపరు, బుద్ధుడికి మొక్కరు, ఉత్తినే చూస్తారు. వాళ్లు లేకపోతే ఇది ఒక మహిమ బొమ్మ; వాళ్లుండబట్టి ఒక ఊరు, ఒక మధ్యాహ్నం.

కళను తూచేటప్పుడు నేను వెతికేది ఈ మిగులునే. ఒప్పుకున్న పని పూర్తయిందా అన్నది మొదటి ప్రశ్న. దాన్ని దాటి చేసినవాడు ఏమేం ఎంచుకున్నాడు అన్నది అసలు ప్రశ్న. నచ్చిందనో నచ్చలేదనో అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బాగుందన్నప్పుడు మాత్రం, ఎక్కడ అని అడిగితే వేలు పెట్టి చూపించగలగాలి. 1757లో అభిరుచి మీద వ్యాసం రాసిన తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ కూడా చూసే సాధనకు, పోల్చే అలవాటుకు పెద్దపీట వేశాడు.

మనవాళ్లు అంతకు చాలా ముందే ఇంకో చిక్కును గమనించారు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ప్రకారం ఆచార్యులు రేఖను మెచ్చుకుంటారు, వివేకులు నీడల పనితనాన్ని, స్త్రీలు అలంకారాన్ని, తక్కినవాళ్లు రంగుల జోరును. (స్త్రీల మీద ఆ మాట అన్నాయన అమరావతి భిక్షుణుల దానాలు చూసి ఉండడు.) వర్గీకరణ సంగతి వదిలేస్తే గమనింపు నిజం. ఒకే బొమ్మ ముందు నిలబడి నలుగురు నాలుగింటికి మార్కులు వేస్తూ, ఒకే విషయం మీద పోట్లాడుతున్నామనుకుంటారు.

ఆచార్యుల పక్షాన నిలబడితే, పత్రికల బొమ్మలే కదా అని బాపును పక్కనపెట్టడం కుదరదు. 1933లో నరసాపురంలో పుట్టిన ఆయన బొమ్మలు ఎక్కువగా కథల పక్కన, వారపత్రికల చవక కాగితం మీద అచ్చయ్యాయి. అలాంటి అచ్చులో మెత్తని నీడలు అలుక్కుపోతాయి, గట్టి గీత ఒక్కటే నిలబడుతుంది. ఆ షరతే ఆయన గీతకు పదును పెట్టిందని నా నమ్మకం. విజయవాడ బందరు రోడ్డులోని పాత విక్టోరియా జూబిలీ మ్యూజియం ఇప్పుడు బాపు మ్యూజియం. అల్లూరు నుంచి వచ్చిన సున్నపురాతి బుద్ధుడున్న భవనానికి పత్రికా చిత్రకారుడి పేరు పెట్టడం నాకు సబబుగానే తోస్తుంది.

కృష్ణా డెల్టా చివరికి, బందరు పక్కనున్న పెడనకు వెళ్తే తీర్పు ఇంకొంచెం చిక్కుబడుతుంది. అక్కడి కలంకారీ టేకు అచ్చులతో అద్దే పని. గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో నలుపు వస్తుంది. ఎరుపు రావలసిన చోట అద్దేది పటిక. అప్పటికి అక్కడ ఎరుపు ఉండదు, రంగునీళ్లలో ఉడికించాకే తేలుతుంది. అంటే అద్దేవాడు తన కంటికి ఇంకా కనపడని రంగును మనసులో చూసుకుంటూ పనిచేయాలి. కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డల మోజుకు తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది, ఇంగ్లండ్ 1721లో ధరించడాన్నే నేరం చేసింది. అప్పట్లో పరుపుల మీద పరిచిన ఆ అద్దకం దుప్పట్లే ఇవాళ లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి.

అచ్చుకు అచ్చు కలిసే చోట గీత తప్పితే, అది చేతిపని అందమని మురిసిపోయేవాళ్లున్నారు. నాకది ఒప్పదు. తప్పు తప్పే; పెడన పనివాడూ దాన్ని తప్పనే అంటాడు. ఇక అదే డిజైనును స్క్రీన్ మీద అచ్చేసి కలంకారీ పేరుతో అమ్మే గుడ్డ సంగతి. దూరం నుంచి చూస్తే అదీ బాగుంటుంది, ఎందుకంటే ఆ అందం మొదట అచ్చు చెక్కినవాడిది. ఆ మీటరు గుడ్డ మీద అతనికి ముట్టేది మాత్రం ఏమీ లేదు.