గచ్చిబౌలి నుంచి ఆసియా కప్పుకి ఒక్క మ్యాచ్ దూరం: హైదరాబాద్ క్లబ్ ఎక్కడ ఆగిపోయింది?

ఇవాళ్టి ఎపిసోడ్ ఫుట్‌బాల్ మీద. క్రికెట్ వాళ్లు కూడా ఉండండి, మధ్యలో ఐపీఎల్ కూడా వస్తుంది.

యూరప్ ఛాంపియన్స్ లీగ్ మీలో చాలామంది చూస్తారు. రాత్రి 12:30కి మ్యాచ్ మొదలైతే, ఆఫీస్ క్యాబ్‌లో హైటెక్ సిటీ నుంచి మియాపూర్ వెళ్లేలోపు ఫోన్‌లో ఫస్టాఫ్ అయిపోతుంది. కొండాపూర్‌లో టర్ఫ్ బుక్ చేసుకుని రియల్ మాడ్రిడ్ జెర్సీలో ఆడేవాళ్లకి లెక్కే లేదు. కానీ అదే ఐటీ కారిడార్‌లో, ట్రిపుల్ ఐటీ జంక్షన్ పక్కనే ఉన్న గచ్చిబౌలి స్టేడియం హోమ్ గ్రౌండ్‌గా ఆడిన ఒక క్లబ్, ఆసియాలో అలాంటి టోర్నమెంట్‌కి ఒక్క మ్యాచ్ దూరం వరకు వెళ్లిందని చెప్తే మాత్రం, "అవునా, ఎప్పుడు?" అంటారు. 2023 మే 3న. ఆ కథే ఇవాళ.

ముందు అసలు ఈ టోర్నమెంట్లు ఎలా నడుస్తాయో చూద్దాం. వరల్డ్ కప్‌లో దేశాలు ఆడతాయి. వీటిలో క్లబ్బులు ఆడతాయి. ప్రతి దేశంలో లీగ్ ఉంటుంది, ఆ లీగ్‌లో పైన నిలిచినవాళ్లు ఖండం స్థాయి పోటీకి వెళ్తారు. యూరప్‌లో దాన్ని నడిపేది యూఈఎఫ్‌ఏ, ఆసియాలో ఏఎఫ్‌సీ. క్రికెట్‌లోనూ ఇలాంటిది ఒకటి ఉండేది, గుర్తుందా? ఛాంపియన్స్ లీగ్ ట్వంటీ20. 2009లో మొదటిసారి జరిగినప్పుడు మన డెక్కన్ ఛార్జర్స్ ఆడింది, 2013లో సన్‌రైజర్స్ ఆడింది. 2014 తర్వాత అది ఆగిపోయింది. ఫుట్‌బాల్‌లో మాత్రం ఇది దశాబ్దాలుగా నడుస్తోంది.

ఫార్మాట్ మొదట్లో లీగ్‌లాగే ఉంటుంది. గ్రూపులు, పాయింట్లు, ఒక మ్యాచ్ పోయినా ఇంకోటి ఉంటుంది. తర్వాత నాకౌట్ మొదలవుతుంది, ఓడితే ఇంటికే. ఐపీఎల్ ఎలిమినేటర్ టైపు అన్నమాట. కాకపోతే ఫుట్‌బాల్ నాకౌట్‌లో చాలాచోట్ల ఒక మెలిక ఉంటుంది: ఒక్కో పోరు రెండు మ్యాచ్‌లు. ఒకటి మన ఊళ్లో, ఒకటి వాళ్ల ఊళ్లో. రెండింటి గోల్స్ కలిపి చూస్తారు. మీరు ఇంట్లో 2-0 గెలిచి అక్కడ 0-1 ఓడినా, మొత్తం 2-1తో మీరే ముందుకెళ్తారు. లెక్క సమానమైతే అదనపు సమయం, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. ఫైనల్ మాత్రం మామూలుగా ఒకటే మ్యాచ్.

ఇంతవరకు టీవీలో కనిపించే భాగం. దీనికి ముందు ఇంకో భాగం ఉంటుంది, అసలు లోపలికి ఎలా వెళ్లాలి అన్నది. హైదరాబాద్ ఇరుక్కుంది అక్కడే.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో వచ్చింది. పుణె సిటీ క్లబ్ మూతపడితే ఇండియన్ సూపర్ లీగ్‌లో, అంటే ఐఎస్‌ఎల్‌లో, దాని స్థానంలో వచ్చింది. మొదటి సీజన్ గచ్చిబౌలిలో ఆడారు. తర్వాత కోవిడ్ వచ్చింది. రెండు సీజన్లు మొత్తం లీగ్ గోవాలోనే, బబుల్‌లో నడిచింది. ఆ రెండో సీజన్‌లోనే, స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ చేతిలో ఈ జట్టు ఛాంపియన్ అయింది. 2022 మార్చి 20న ఫతోర్డాలో ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. స్టేడియంలో ఎటు చూసినా కేరళ అభిమానులే. 68వ నిమిషంలో కేరళ గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ టవోరా దూరం నుంచి కొట్టిన షాట్‌తో 1-1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు, 3-1. చూడనివాళ్లు హైలైట్స్ చూడండి, ముఖ్యంగా ఆ 88వ నిమిషం. నా లెక్కలో ఈ నగరానికి ఫుట్‌బాల్‌లో ఈ తరం చూసిన పెద్ద రోజు అదే. సొంత ప్రేక్షకులు మాత్రం టీవీల్లో చూశారు.

ఛాంపియన్ అయ్యారు కదా, మరి ఆసియాకి వెళ్లాలి కదా? ఇక్కడే క్యాలెండర్ గొడవ. అప్పట్లో ఆసియా టోర్నమెంట్లు సంవత్సరం మొదట్లో మొదలై ఆ సంవత్సరంలోనే ముగిసేవి. 2022లో జరిగే పోటీకి ఇండియా బెర్తులు అంతకుముందు సీజన్, అంటే 2020-21 ఫలితాలను బట్టి వెళ్లిపోయాయి. హైదరాబాద్ వంతు 2023లో రావాలి. ఈలోపు ఏఎఫ్‌సీ క్యాలెండర్ మార్చేసింది. యూరప్‌లాగా ఇకపై ఆగస్టులో మొదలుపెట్టి మే నాటికి ముగిస్తాం అన్నారు. అలా పోటీ వెనక్కి జరిగేసరికి 2022-23 సీజన్ కూడా అయిపోయింది, కొత్త ఛాంపియన్ వచ్చేశాడు. సీటు ఒకటి, ఛాంపియన్లు ఇద్దరు. రిజర్వేషన్ కన్ఫర్మ్ అయ్యాక ట్రైన్ టైమ్ మార్చి, అదే బెర్త్ ఇంకొకరికి కూడా ఇచ్చినట్టు.

పరిష్కారం ఏం చేశారంటే, ఇద్దరూ ఒక మ్యాచ్ ఆడండి, గెలిచినవాళ్లు వెళ్లండి అన్నారు. ఒకటే మ్యాచ్, రెండు లెగ్గులు కూడా లేవు.

ఆ కొత్త ఛాంపియన్ ఎవరో తెలుసా? ఏటీకే మోహన్ బగాన్. అదే సీజన్ సెమీఫైనల్‌లో హైదరాబాద్‌ని కొట్టింది కూడా వాళ్లే. లీగ్ దశలో హైదరాబాద్ రెండో స్థానంలో నిలిచింది, మంచి ఫామ్‌లో ఉంది. సెమీస్ మొదటి మ్యాచ్ గచ్చిబౌలిలో 0-0, రెండోది కోల్‌కతాలో 0-0. రెండు మ్యాచ్‌లు కలిపినా ఒక్క గోల్ లేదు. పెనాల్టీల్లో 4-3తో బగాన్ గెలిచింది.

సో, 2023 మే 3, కోళికోడ్. ఏఎఫ్‌సీ కప్ క్వాలిఫయర్. హైదరాబాద్ 1, మోహన్ బగాన్ 3. అంతే, సీటు వాళ్లది.

ఆ సీటు విలువ ఎంతో చూద్దాం. ఆ ఆగస్టులో బగాన్ సాల్ట్ లేక్ స్టేడియంలో నేపాల్ క్లబ్ మచ్ఛీంద్రని, తర్వాత ఢాకా అబాహానిని కొట్టి గ్రూప్‌లోకి వెళ్లింది. గ్రూప్‌లో బంగ్లాదేశ్ నుంచి బసుంధరా కింగ్స్, మాల్దీవుల నుంచి మాజియా, మన దేశం నుంచే ఒడిశా ఎఫ్‌సీ. ఆ గ్రూప్‌లో ఫస్ట్ వచ్చింది ఒడిశా. భువనేశ్వర్ క్లబ్ ఆ తర్వాత నాకౌట్‌లో ఆస్ట్రేలియా జట్టు సెంట్రల్ కోస్ట్ మెరైనర్స్‌తో ఆడింది. అక్కడ 4-0 ఓడారు, ఇక్కడ 0-0. చివరికి కప్పు ఎత్తింది ఆ మెరైనర్సే. అంటే ఆ దారిలో పోతే కాబోయే ఛాంపియన్‌తో మన గడ్డ మీద ఆడొచ్చు.

ఇంకా దగ్గరి ఉదాహరణ చెప్తా. 2024-25 నుంచి ఆసియా పోటీల్ని మూడు అంతస్తులు చేశారు: ఛాంపియన్స్ లీగ్ ఎలీట్, ఛాంపియన్స్ లీగ్ టూ, ఛాలెంజ్ లీగ్. 2025 ఆగస్టులో ఎఫ్‌సీ గోవా ఒకే ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఒమన్ క్లబ్ అల్ సీబ్‌ని 2-1తో కొట్టి ఛాంపియన్స్ లీగ్ టూలోకి వెళ్లింది. డ్రాలో పడింది రొనాల్డో క్లబ్ అల్ నస్ర్! అక్టోబర్ 22న ఫతోర్డాలో అల్ నస్ర్ 2-1తో గెలిచింది. రొనాల్డో రాలేదనుకోండి, ఆ బాధ వేరే. ఐనా ఒక్క ప్లేఆఫ్ గెలిస్తే అంతటి జట్టు మీ ఊరికి వచ్చి ఆడుతుంది. మే 3న పోయింది అలాంటి అవకాశం.

సరే, మళ్లీ ప్రయత్నించొచ్చు కదా అంటారు. అవకాశం ఎక్కడిది? ఆ మ్యాచ్ తర్వాత జట్టు కూలిపోయింది. మనోలో వెళ్లిపోయాడు. జీతాల బకాయిలు. కేసులు ఫిఫా వరకు వెళ్లి, కొత్త ఆటగాళ్లని రిజిస్టర్ చేసుకోకుండా నిషేధం పడింది. సీజన్ మధ్యలోనే విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లు ఆడి గెలిచింది ఒక్కటి, చివరి స్థానం. అంటే రెండేళ్ల కిందటి ఛాంపియన్! ఆ సీజన్‌లో కుర్రాళ్లతో మైదానంలోకి దిగి ఆడిన వాళ్లని మాత్రం నేను తప్పుపట్టను.

ఇంకో సంగతి. మైదానంలో గెలిచినా ఆసియా పోటీకి క్లబ్ లైసెన్స్ కావాలి. ఏఎఫ్‌సీ ఐదు విషయాలు చూస్తుంది: ఆట, స్టేడియం లాంటి సౌకర్యాలు, సిబ్బంది, చట్టపరమైన పత్రాలు, డబ్బు లెక్కలు. యూత్ టీములు ఉన్నాయా, జీతాలు ఇచ్చారా, అన్నీ చూస్తారు. మన ఆఫీసుల్లో క్లయింట్ ఆడిట్ ఉంటుంది కదా, అలాంటిదే. బకాయిలున్న క్లబ్‌కి కప్పు గెలిచినా దారి మూసుకుపోవచ్చు.

2024లో క్లబ్ యాజమాన్యం మారింది. 2025 అక్టోబర్‌లో క్లబ్బే ఊరు మారింది. ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె నుంచి వచ్చింది, ఢిల్లీకి పోయింది. ఆరేళ్లు మన దగ్గర అద్దెకున్నట్టు ఉంది.

స్టేడియం మాత్రం అక్కడే ఉంది. 2024 సెప్టెంబర్‌లో గచ్చిబౌలిలోనే ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. ఇండియా, సిరియా, మారిషస్ ఆడితే సిరియా గెలిచింది. తమాషా ఏంటంటే, ఇండియా కోచ్‌గా మనోలో మార్కెజ్ మొదటి మ్యాచ్ కూడా ఆ గ్రౌండ్‌లోనే.

హైదరాబాద్‌కి ఇలా టైమ్ కలిసిరాకపోవడం కొత్తేం కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, మైదాన్ సినిమాలో అజయ్ దేవగన్ వేసిన పాత్ర ఆయనదే. ఆయన కోచ్‌గా ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ సాధించింది. ఆ రోజుల్లో ఆసియా క్లబ్ టోర్నమెంట్ ఉండి ఉంటే మన పోలీస్ జట్టుకి బెర్త్ గ్యారంటీ అని నా నమ్మకం. కానీ అది మొదలైందే 1967లో. దేశంలో జాతీయ క్లబ్ లీగ్ లేదు కాబట్టి, 1969లో ఇండియా తరఫున మైసూర్ రాష్ట్ర జట్టు వెళ్లింది, సంతోష్ ట్రోఫీ గెలిచినందుకు. మన ఆంధ్రప్రదేశ్ అదే సంతోష్ ట్రోఫీ గెలిచింది 1965-66లో. కొన్నేళ్లు ముందే గెలిచేశారు!

మన ఆటగాళ్లు మాత్రం వేరే క్లబ్బుల జెర్సీల్లో పెద్ద మ్యాచ్‌లు ఆడారు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2 డ్రా చేసుకుంది. బగాన్ గోల్స్‌లో ఒకటి మన హైదరాబాదీ మొహమ్మద్ హబీబ్‌ది. ఆయన 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆ మర్నాడే బగాన్ మచ్ఛీంద్రతో ఆడింది, కోళికోడ్‌లో హైదరాబాద్ నుంచి గెలుచుకున్న ఆ సీటు మీదే.

ఇప్పుడు నగరానికి మిగిలిన క్లబ్ శ్రీనిధి డెక్కన్. మొయినాబాద్ వైపు డెక్కన్ అరీనా వాళ్ల సొంత గ్రౌండ్. ఐ-లీగ్ ఆడుతూ 2022-23లో రెండో స్థానం, 2023-24లో మళ్లీ రెండో స్థానం. ఫస్ట్ వచ్చినవాళ్లకే ఐఎస్‌ఎల్ ప్రమోషన్, కాబట్టి పంజాబ్ ఒకసారి, మొహమ్మడన్ ఒకసారి పైకి వెళ్లిపోయాయి. వీకెండ్ టర్ఫ్ ఖాళీ లేకపోతే ఒకసారి వాళ్ల మ్యాచ్‌కి వెళ్లి చూడండి.

మన తెలుగువాళ్లలో ఆసియా తలుపు దగ్గరికి ఈమధ్య చేరింది ఒక అమ్మాయి. నిజామాబాద్‌కి చెందిన సౌమ్య గుగులోత్ ఆడిన ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టు 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచి, ఏఎఫ్‌సీ విమెన్స్ ఛాంపియన్స్ లీగ్‌కి బెర్త్ సంపాదించింది. ఆ టోర్నమెంట్ మీద, సౌమ్య మీద విడిగా ఎపిసోడ్ చేస్తా. ఉంటాను మరి.