చెరువులో ఒంటి తుమ్మ



రాజపాళయం వైపు వెళ్లినవారు చూసే ఉంటారు. కార్తీకంలో ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక అక్కడి చెరువులు నిండుతాయి. తమిళంలో వాటిని కన్మాయిలంటారు. నీళ్ల నడుమ మొదలు మునిగి ఒక నల్లతుమ్మ, వెనక పడమటి కనుమలు. చూడగానే ఫోటో తీయాలనిపిస్తుంది. తీసి ఇంటికొచ్చి చూస్తే చెట్టు కనబడదు! కొండ నలుపులో చెట్టు నలుపు కలిసిపోయి ఉంటుంది. ఫిల్ము వాడే రోజుల్లో నేనూ ఒక రీలంతా ఇలాగే పోగొట్టుకున్నాను.

దూరం నుంచి జూమ్ చేస్తే చెట్టుతోపాటు కొండా పెరుగుతుంది. లాభం లేదు. మీరే దగ్గరికి జరగాలి. మన కంటి మట్టానికి పైన చెట్టు 8 మీటర్లు, కొండ 1500 మీటర్లు, ఆ కొండ 10 కిలోమీటర్ల అవతల ఉందనుకుందాం. 100 మీటర్ల నుంచి చూస్తే చెట్టు కొండలో సగమే. 50 మీటర్లకు వస్తే కొండను దాటి ఆకాశంలోకి తల ఎత్తుతుంది. కట్ట మీద నిలబడితే మాత్రం మన కన్ను పైకి పోయి చెట్టు మళ్లీ కుంగుతుంది. అందుకని కట్ట దిగి, నీటి అంచున కూర్చుని తీయండి.

అక్కడ నేల పడమటి నుంచి తూర్పుకు వాలు. కట్టలు ఎక్కువగా తూర్పున ఉంటాయి. తెల్లవారుజామున వెళితే ఎండ మీ వీపున పడుతుంది, చెట్టు ముఖాన పడుతుంది. తుమ్మాకు లేతగా, కొండ నీలంగా విడివిడిగా కనిపిస్తాయి. గాలి లేవకముందే అయితే నీడ కూడా చెదరదు. సాయంత్రం సూర్యుడు కొండ చాటుకు త్వరగా పోతాడు. వెలుతురంతా ఆకాశంలోనే మిగిలి, కెమెరా దాన్ని చూసి చెట్టును నల్లగా చేస్తుంది. సెల్‌ఫోనైతే తెర మీద చెట్టును వేలితో తాకి, వెలుగు కాస్త పెంచండి.

దగ్గరికి అన్నాను గదా అని నీళ్లలో దిగకండి. కొంగలు గూళ్లు కట్టి ఉంటే అసలే వద్దు. తల్లి లేచిపోతే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. శివగంగ జిల్లాలో 1977లో వేట్టంగుడి పక్షుల సంరక్షణ కేంద్రం ఏర్పడింది. పక్కనున్న కొల్లుకుడిపట్టి జనం ఆ పక్షుల కోసం దీపావళికి టపాకాయలే కాల్చరు. మనం ఒక ఫోటో వదులుకోలేమా?

ఇంకో సంగతి. తమిళనాట 1981లో మొదలైన సామాజిక అడవుల పథకం కింద ఎన్నో చెరువుల్లో తుమ్మలు నాటారు. కొట్టి అమ్మడానికి నాటినవవి. ఈ ఏడు చూసిన చెట్టు వచ్చే ఏడు ఉండకపోవచ్చు. ఉన్నన్నాళ్లు ఏటా ఒకే చోట, తూము పక్కనే కూర్చుని తీయండి. ఫోటో వెంట తేదీ రాసి ఉంచండి. ఏ ఏడు నీరు ఎంతవరకు వచ్చిందో మొదలు మీది చార చూపిస్తుంది.