మిరప చేలో పని ప్రదేశం: లైంగిక వేధింపుల నిరోధక చట్టం, పల్నాడు కూలీ స్త్రీలు

విశాఖ తీర్పునకు మూలం నగర కార్యాలయం కాదు. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన గ్రామస్థాయి కార్యకర్త భన్వరీ దేవిపై 1992లో జరిగిన సామూహిక అత్యాచారమే దాని నేపథ్యం. అయినప్పటికీ 1997 నాటి ఆ మార్గదర్శకాలు 2013లో చట్టరూపం దాల్చిన తరువాత, ఆచరణలో అది ఉద్యోగినుల చట్టంగానే స్థిరపడింది. దినకూలీలు, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు కూడా దాని పరిధిలోనివారేనన్న అంశం మరుగున పడింది.

పల్నాడులో ఈ వైరుధ్యం మిరప కోతల కాలంలో స్పష్టమవుతుంది. స్థానిక కూలీలతోపాటు కర్నూలు ప్రాంతం నుంచి కుటుంబాలు వలస వచ్చి, చేల వద్దనే గుడారాలు వేసుకుంటాయి. స్త్రీకి పని ఇచ్చేది, ముందుగా అడ్వాన్సు ముట్టజెప్పేది, మరునాడు ఎవరిని పిలవాలో నిర్ణయించేది తరచుగా ముఠా మేస్త్రీ. భూమిలేనితనం, కులం, అప్పు ఈ ఒక్క వ్యక్తి అధికారంలో కలిసిపోతాయి. పనిలో అనుకూలత చూపుతామన్న సూచనను, పనికి ముప్పు తెస్తామన్న బెదిరింపును చట్టంలోని 3వ సెక్షను వేధింపుల సందర్భాలుగా పేర్కొన్నది. అడ్వాన్సు తీరని కూలీ విషయంలో ఆ బెదిరింపును మాటల్లో చెప్పవలసిన అవసరం కూడా ఉండదు.

ఇక్కడ యజమాని ఎవరు? రైతా, మేస్త్రీయా? పదిమంది కంటే తక్కువమంది పనిచేసే చోట, లేదా ఆరోపణ యజమానిపైనే ఉన్నచోట, ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి చేరాలి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకు కేంద్రం నరసరావుపేట. మాచర్ల, గురజాల వైపు చేలలో పనిచేసే స్త్రీకి అక్కడికి వెళ్లడమంటే కనీసం ఒకరోజు కూలి పోగొట్టుకోవడమే. ఫిర్యాదు స్వీకరించి ఏడు రోజుల్లో కమిటీకి పంపే నోడల్ అధికారి మండల స్థాయిలో ఉండాలని చట్టం విధించినది ఇందుకే. ఈ నియామకాలకు, కమిటీల ఏర్పాటుకు సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 3న గడువులు విధించవలసి రావడం అమలు తీరును చెప్పకనే చెబుతుంది.

కాలపరిమితి మరింత క్లిష్టమైనది. చివరి సంఘటన జరిగిన మూడు నెలల్లోగా లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణముంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. రాయలేనివారికి కమిటీయే సాయపడాలి. కానీ కోతలు ముగియగానే వలస కుటుంబం స్వగ్రామానికి మరలుతుంది. విచారణకు తొంభై రోజుల గడువున్నది. విచారణ కాలంలో బాధితురాలికి బదిలీ, మూడు నెలల వరకు సెలవు సిఫారసు చేయవచ్చునన్న వెసులుబాటు నెలజీతం ఉన్నవారికి ఉపయోగపడవచ్చు. కూలీకి సెలవంటే ఆ రోజు పొయ్యి వెలగకపోవడం. ఆమెకు దక్కగల ప్రత్యక్ష ఉపశమనం నష్టపరిహారమే. నిందితుని వేతనం నుంచి కోయడం సాధ్యం కానప్పుడు అతడే చెల్లించాలని ఆదేశించవచ్చు. చెల్లించకుంటే భూమిశిస్తు బకాయిగా జిల్లా అధికారి ద్వారా వసూలు చేయవచ్చు.